పెరటి పందిరి మీరే వేసుకోండి.. గోడ జోలికి మాత్రం పోవద్దు

పెరట్లో నాలుగు మంచాలు పట్టేంత జాగా ఉందా? ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అందులో కాలు మోపలేకపోతున్నారా? అయితే ఈ వారం ముచ్చట మీకోసమే. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున పందిరి వేసుకోవడానికి పెద్ద కాంట్రాక్టరు అక్కర్లేదు. ఇంట్లో ఇద్దరు మనుషులు, గడ్డపార, తాపీ, లెవెల్ పైపు ఉంటే చాలు. నీడకు నీడ, కూరకు కూర.

వ్యవసాయం పేజీలో లాల్‌దర్వాజా గల్లీల గొడవేంటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. పందిరి వేసే విద్య పొలం నుంచి వచ్చిందే. దాన్ని గల్లీలోని పెరట్లోకి తెచ్చేటప్పుడు ఏది మార్చుకోవాలి, ఏది మార్చకూడదు అన్నదే అసలు సంగతి. అది తెలియక చాలామంది పందిరి వేయబోయి గోడ కూల్చుకుంటున్నారు.

చార్మినార్ నుంచి దక్షిణంగా శాలిబండ దాటి వస్తే లాల్‌దర్వాజా. ఇక్కడి పాత ఇళ్లు చాలావరకు ముందు అర్రలు, వెనక పెరడు. పెరట్లో నల్లా, బట్టలుతికే బండ, ఓ మూల తులసికోట. చుట్టూ రాయి, ఇటుక కలిపి మట్టితోనో డంగు సున్నంతోనో కట్టిన పాత గోడ. ఆషాఢమాసం వచ్చిందంటే ఈ పెరడు చూడాలి. బోనాలు గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహాకాళి దాటి, లాల్‌దర్వాజా సింహవాహిని మహాకాళి గుడికి చేరే ఆదివారం ఆడబిడ్డలు, అల్లుళ్లు, మనవలు అందరూ ఇక్కడే. పొయ్యి పెరట్లోనే, పంక్తి పెరట్లోనే. అందుకే ఏటా ఆ నెలలో హడావుడిగా ఓ పందిరి లేస్తుంది. నాలుగు బొంగులు, పైన తాటాకులో టార్పాలినో. రెండు వైపులా బొంగులు పాతుతారు. మిగతా రెండు వైపులా? గోడకు మేకులు కొట్టి తాళ్లు బిగిస్తారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

గోడ ఎందుకు పనికిరాదంటే

పాత గోడ బరువు మోయగలదు. పక్కకు లాగితే మాత్రం ఆగలేదు. రాయి మీద రాయి పేర్చి మధ్యలో మట్టి పెట్టిన గోడకు బలమంతా కిందికి దిగే బరువులోనే ఉంటుంది. మీరు మేకు కొట్టి తీగ బిగిస్తే అది రోజూ రాత్రింబవళ్లు గోడ తలను పెరట్లోకి లాగుతూనే ఉంటుంది. గాలి వచ్చినప్పుడు ఆ లాగుడు ఎన్నోరెట్లు పెరుగుతుంది. వానకు మట్టి నానిందంటే ఇక చెప్పేదేముంది!

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌ను ముంచెత్తిన వాన గుర్తుండే ఉంటుంది. పాతబస్తీలోనే బండ్లగూడ దగ్గర ప్రహరీ గోడ ఇళ్ల మీద పడి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఛత్రినాక, ఉప్పుగూడ వైపు ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. ఆ గోడ పందిరి కట్టడం వల్ల పడిందని మేం అనడం లేదు. నానిన గోడ ఎంత చెప్పాపెట్టకుండా పడుతుందో చెప్పడానికే ఆ మాట. మీ పందిరి కింద మధ్యాహ్నం పూట ముసలమ్మ నడుం వాలుస్తుంది, పిల్లలు ఆడుకుంటారు. అది గుర్తుపెట్టుకుని పని మొదలుపెట్టండి.

ముందు మీ గోడను ఒకసారి చూసుకోండి. మధ్యలో పొట్ట వచ్చిందా? కింద రెండడుగుల దాకా చెమ్మ, చౌడు పట్టి పెల్లలు ఊడుతున్నాయా? నిలువునా పగులు ఉందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా పందిరి పని పక్కన పెట్టి ముందు మేస్త్రిని పిలవండి. సున్నం గోడకు పైన సిమెంటు పూసి మరమ్మతు అయిందనుకోవద్దు. లోపలి చెమ్మ బయటికి రావడానికి దారి మూసుకుపోయి గోడ ఇంకా గుల్లవుతుంది. అతుకు కూడా సున్నంతోనే వేయించాలి. అది పక్కింటితో ఉమ్మడి గోడ అయితే వాళ్లకు ఓ మాట చెప్పడం మర్యాద, క్షేమం కూడా.

ద్రాక్ష తోట నేర్పిన విద్య

హైదరాబాద్ చుట్టుపక్కల పందిరి అంటే ఒకప్పుడు ద్రాక్ష పందిరే. అనాబ్-ఏ-షాహీ అనే రకాన్ని 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన హైదరాబాద్‌కు తెచ్చారని ఉద్యాన పుస్తకాలు చెప్తాయి. ఇళ్ల దొడ్లలో పాకిన ఆ తీగే తర్వాత పొలాల్లోకి నడిచింది. శంషాబాద్, మేడ్చల్, మహేశ్వరం వైపు రాతికడీలు, ఇనుపతీగల పందిళ్లు వెలిశాయి. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రమూ వచ్చింది. 2000 సంవత్సరం దాటాక భూముల ధరలు పెరిగి తోటలు ప్లాట్లయ్యాయి. తీగ పోయినా కడీలు కట్టే విద్య పోలేదు. కాకర, బీర, సొర రైతులు అదే పద్ధతిలో శాశ్వత పందిళ్లు వేసుకుంటున్నారు.

ద్రాక్ష తోటకు ఎప్పుడైనా వెళ్తే చివరి వరస కడీలు చూడండి. అవి నిటారుగా ఉండవు. బయటికి వాలి ఉంటాయి. వాటి తల నుంచి ఓ లావుపాటి తీగ వెనక్కి దిగి భూమిలో పాతిన బండకు బిగించి ఉంటుంది. ఎందుకంటే పందిరి మీద ఉన్న తీగలన్నీ ఆ చివరి కడీలను లోపలికి లాగుతుంటాయి. వెనక బండ వాటిని బయటికి లాగిపట్టి ఉంచుతుంది. రెండు లాగుళ్లూ సరిసమానమైతేనే పందిరి నిలుస్తుంది. పందిరి బలమంతా చివరి కడీలోనే ఉందని రైతులు ఊరికే అనరు.

మరి మన పెరట్లో వెనక్కి లాగి కట్టడానికి జాగా ఏది? కడీ వెనకే గోడ. అందుకే జనం ఆ లాగుడును గోడ మీద పెడుతున్నారు. దీనికి మందు ఒకటే. లాగుడును పందిరి తనలోనే భరించుకునేలా పైన గట్టి చట్రం వేయాలి. మంచం నులక చట్రాన్ని ఎంత లాగినా మంచం గోడను పట్టుకోదు కదా! అలాగన్నమాట. మీ పందిరి తన కాళ్ల మీద తాను నిలబడాలి. గోడకూ పందిరికీ మధ్య కనీసం రెండున్నర అడుగులు ఖాళీ ఉండాలి.

కడీనా, పైపా, బొంగా?

రాతికడీ నూరేళ్లయినా చెక్కు చెదరదు. తోటలు తీసేసిన చోట పాతవి దొరుకుతాయి కూడా. కానీ తొమ్మిది అడుగుల కడీ ఒక్కోటి నూరు కిలోలు దాటుతుంది. లాల్‌దర్వాజా గల్లీల్లోకి ట్రాక్టరు రాదు. ఇంటి ముందు గదుల్లోంచి పెరట్లోకి మోసుకెళ్లాలి. దర్వాజలు, గడపలు దాటాలి. నలుగురు గట్టి మనుషులు లేకుండా ఆ పని తలపెట్టొద్దు. వేలు నలిగితే నలిగిందే.

బొంగులు, సర్వి కట్టెలు చవక. భూమిలో ఉన్న భాగానికి డాంబరు పూసినా రెండు మూడేళ్లకు చెదలు పడతాయి. ఏటా మార్చుకునే ఓపిక ఉన్నవాళ్లకు సరే.

గల్లీ ఇంటికి మా ఓటు జీఐ పైపుకే. రెండంగుళాల మీడియం పైపు తొమ్మిది అడుగుల ముక్క పద్నాలుగు కిలోలుంటుంది. ఒక్కరే భుజాన వేసుకుని తీసుకెళ్లొచ్చు. పైపు ఇరవై అడుగుల నిడివిలో వస్తుంది. ఒక్కోదాంట్లో రెండు కాళ్లు తెగుతాయి. కాళ్లు ఆరు కావాలి కాబట్టి మూడు పైపులు. పైచట్రానికి ఒకటిన్నర అంగుళం పైపు చుట్టూ 44 అడుగులు, నడుమ అడ్డం పది, మొత్తం 54 అడుగులు. అంటే అవీ మూడే. బేగంబజార్‌లో నాలుగు దుకాణాలు తిరిగి తూకం వేయించి కొనండి. ధర రోజుకో తీరుగా ఉంటుంది కాబట్టి ఇక్కడ రూపాయల లెక్క ఇవ్వడం లేదు, సరుకు లెక్కే ఇస్తున్నాం. మీడియం అని చెప్పి పల్చటి పైపు అంటగట్టే వాళ్లుంటారు, అందుకే తూకం అంటున్నాం.

గుంతలు, మాలు

చైత్ర వైశాఖాల్లో పని పెట్టుకోండి. నేల ఆరి ఉంటుంది. వానాకాలం నానిన గోడ పక్కన గుంత తీయడం కోరి ప్రమాదం తెచ్చుకోవడమే. పాత ఇళ్లకు పునాది లోతు ఎంతుందో ఎవరికీ తెలియదు. గోడ మొదట్లో గుంత తీస్తే పునాది కింద మట్టి జారుతుంది. రెండున్నర అడుగుల దూరం అన్నది ఇందుకు కూడా.

ముందు నాలుగు మూలల్లో మేకులు పాతి దారం కట్టండి. పన్నెండు, పది అడుగుల చట్రం మూలమట్టంగా ఉందో లేదో తెలియాలంటే ఎదురు మూలలు కొలవండి. రెండు కొలతలూ 15 అడుగుల ఏడున్నర అంగుళాలు రావాలి. ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ వచ్చిందంటే పందిరి వంకర. పన్నెండడుగుల వైపు నడుమ ఒక్కో కాలు అదనం, అంటే ఆరడుగులకో కాలు.

గుంత అడుగున్నర చదరం, రెండడుగుల లోతు. అడుగున మూడంగుళాలు గులకరాళ్లు పోసి దిమ్మిస కొట్టండి. పైపు కింది భాగాన అడ్డంగా ఓ ఇనుప సలాకీ ముక్క వెల్డింగ్ చేయించి పెడితే కాంక్రీటులోంచి ఎప్పటికీ ఊడిరాదు. మాలు పాళ్లు ఒకటి, మూడు, ఆరు. ఆరు గుంతలకూ కలిపి సిమెంటు మూడు బస్తాలు, ఇసుక 11 ఘనపుటడుగుల పైన, 20 ఎం.ఎం. కంకర 22 ఘనపుటడుగుల పైన పడుతుంది. గమేలాతో కొలుచుకున్నా ఫరవాలేదు, పాళ్లు తప్పకపోతే చాలు. నీళ్లు మాత్రం జారుడుగా పోయొద్దు. పైపు నిలువు తూకంగుండుతో రెండు వైపుల నుంచీ చూడండి. తలలన్నీ ఒకే ఎత్తుకు రావడానికి లెవెల్ పైపు వాడండి. నేల మీద ఏడడుగులు ఉంటుంది, మనిషి చేయెత్తితే కాయ అందుతుంది. కాంక్రీటు పైభాగం నేలకంటే అంగుళం ఎత్తున ఉండి చుట్టూ వాలుగా ఉంటే పైపు మొదట్లో నీళ్లు నిలవవు. వారం రోజులు గోనెపట్టా కప్పి తడపండి. పది రోజుల దాకా దాని మీద ఏ బరువూ పెట్టొద్దు. ఈ పది రోజులు ఆగలేకే చాలా పందిళ్లు మొదటి ఏడే వాలిపోతాయి.

పైచట్రం వెల్డింగ్ ఒక్కటి మాత్రం చేయి తిరిగినవాడికి వదిలేయండి. ఒక పూట పని. వెల్డింగ్ చేసిన చోట పైపు మీది జింకు పూత కాలిపోతుంది, అక్కడే తుప్పు మొదలు. అదే రోజు రెడాక్సైడ్ రెండు పూతలు వేయాలి. ఇక చట్రం మీద 12 గేజీ జీఐ తీగ అడుగున్నరకు ఒకటి చొప్పున నిలువూ అడ్డం కట్టుకుంటూ పోవచ్చు. రెండున్నర కిలోల తీగ తెస్తే కాస్త మిగులుతుంది కూడా. వీణ తీగలా మోగేట్టు బిగించొద్దు. మధ్యలో చేత్తో నొక్కితే అంగుళం దిగాలి. కాయ బరువుకు, ఎండకు సాగుడుకు ఆ మాత్రం వదులు అవసరం.

కరెంటు విషయం అశ్రద్ధ చేయొద్దు. ఈ పందిరి మొత్తం ఒకే ఇనుప ముద్ద. ఒకచోట కరెంటు తగిలితే ఆరు కాళ్లకూ పాకుతుంది. బట్టలారేసే దండెం తీగకు కరెంటొచ్చి ఇంటిల్లిపాదీ పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే సర్వీసు వైరు కింద పందిరి వేయొద్దు. బోనాలకు సీరియల్ బల్బులు చట్రానికి చుట్టే అలవాటు ఉంది, అది మానండి. దీపం కావాలంటే వైరును ప్లాస్టిక్ గొట్టంలోంచి తెచ్చి వేరే కట్టెకు బిగించుకోండి.

రేకులు వేద్దామంటే..

తీగలెందుకు, నాలుగు రేకులు పరిచేస్తే వానకూ ఎండకూ పనికొస్తుంది కదా అంటారు. వేసుకోవచ్చు. కానీ ఒక లెక్క వినండి. గంటకు 70 కిలోమీటర్ల గాలి తోస్తే ఈ 120 చదరపు అడుగుల రేకుల కప్పును రమారమి పావు టన్ను బలంతో పైకి ఎత్తుతుంది. మే నెల గాలిదుమారంలో రేకులు ఎగిరి పక్కింట్లో పడేది ఇందుకే. మీ గుంతలో కాంక్రీటు ఒక్కోటి 250 కిలోలుంటుంది కాబట్టి కాళ్లకు ఢోకా లేదు. ఎగిరేది రేకే. జె-హుక్కులు ఒక్కటి కూడా మానకుండా, రబ్బరు వాషర్లతో బిగించాలి. రేకు మీద బండరాళ్లు పెట్టి ఊరుకునే పద్ధతి మహా చెడ్డది. గాలికి రేకు లేస్తే ఆ రాయి ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

సిమెంటు రేకుల్లో రాతినార ఉంటుంది. రాతినార ఏ రకమైనా కేన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. ఇంట్లో పాతవి ఉంటే రంపంతో కోయొద్దు, పగలగొట్టొద్దు, పెరట్లోకి మార్చి వాడొద్దు. కప్పు నీళ్లు మీ నేలలోనే పడాలి, పక్కింటి గోడ మీద కాదు. రేకుల కప్పు శాశ్వత కట్టడం కింద లెక్కకు వస్తుందేమో పనికి ముందే వార్డు ఆఫీసులో కనుక్కోండి.

మా మాట అడిగితే తీగ పందిరే మేలు. ఇనుప రేకు మధ్యాహ్నానికి పెనంలా కాగి కింద కూర్చున్న మనిషి మీదికి వేడి దించుతుంది. ఆకు అలా కాదు. నీళ్లు తాగి ఆవిరి వదులుతుంది కాబట్టి కింద చల్లగా ఉంటుంది. గాలి కూడా ఆకుల సందుల్లోంచి వెళ్లిపోతుంది, పందిరిని ఎత్తదు. ఇరవై సొరకాయలు ఒకేసారి వేలాడినా నలభై కిలోలే.

ఏ తీగ పాకించాలి?

పాతబస్తీ పెరటి మట్టిలో తవ్వితే పెంకులు, సున్నం ముక్కలే ఎక్కువ. మొక్క పెట్టేచోట రెండడుగుల పొడవు, వెడల్పు, లోతున గుంత తీసి ఆ మట్టి పారేయండి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు రెండు మూడు గమేలాలు, అరకిలో వేపపిండి కలిపి నింపండి. పందిరికి రెండు గుంతలు చాలు. ఈ గుంతలు గోడవైపు కాకుండా బయటి వైపు తీయాలి. రోజూ పోసే నీళ్లు గోడ మొదట్లో ఇంకకూడదు. నేలంతా షాబాదు బండలు పరిస్తే పదడుగులకు రెండంగుళాల వాలు గోడ నుంచి మోరీ వైపు ఉండేట్టు చూడండి.

మృగశిర కార్తె వచ్చిందంటే, అంటే జూన్ రెండో వారానికి, సొర, బీర, కాకర గింజలు పెట్టొచ్చు. సొరను ఈ ప్రాంతంలో ఆనిగెపుకాయ అంటారు. తీగ పందిరి ఎక్కేదాకా పక్క కొమ్మలు గిల్లేస్తూ ఒకే కాండం ఉంచండి. తీగ పైకి అందగానే కొస గిల్లండి. పక్క కొమ్మలు నలుదిక్కులా పాకుతాయి, ఆడపూలు వాటి మీదే ఎక్కువ. పూలు బాగా పూసి పిందెలు రాలిపోతున్నాయంటే తేనెటీగలు లేవన్నమాట. నగరంలో ఇది మామూలే. సొర, బీర సాయంత్రం పూస్తాయి. దీపాలు పెట్టే వేళ మగపువ్వు తెంపి, రేకులు తీసి, పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. పిల్లలకు చెప్పినా సరదాగా చేస్తారు. బోనాల నాటికి తీగ పందిరి ఎక్కుతుంది, నీడ మాత్రం చాలదు. ఆ ఒక్క ఏడాది పైన వేపమండలు, తాటాకులు పరుచుకోండి. శ్రావణానికి మొదటి కాయ కోస్తారు.

పండుఈగ కుట్టిన పిందెలు వంకరపోయి కుళ్లుతాయి. వాటిని చెట్టు కింద వదలకుండా ఏరి పాలిథీన్ సంచిలో మూతికట్టి ఎండలో పెట్టండి. క్యూ-లూర్ ఎర బుట్ట ఒకటి వేలాడదీస్తే చాలు. ఒక జాగ్రత్త. సొర, బీర, కాకర లాంటి తీగ కూరల మీద గంధకం మందులు చల్లరాదు, ఆకు మాడుతుంది. ద్రాక్షకేమో బూడిద తెగులుకు గంధకమే మందు. కాబట్టి ఒకే పందిరి మీద ద్రాక్షనూ కూరతీగలనూ కలిపి పాకించొద్దు.

ద్రాక్షే కావాలనుకునేవాళ్లు వేళ్లు పట్టిన కొమ్మ మొక్కను డిసెంబరు, జనవరిల్లో నాటుకోండి. ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరింపు తప్పదు. అక్టోబరు కత్తిరింపు మానితే ఆకు పందిరే, కాయ ఉండదు. బూజు తెగులుకు ఒక శాతం బోర్డో మిశ్రమం చల్లాలి. పది లీటర్ల నీళ్లకు వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం. రెండూ ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కరిగించి కలపాలి. ఇనుప పాత్ర వాడొద్దు.

వానాకాలం పాదు ఎండిపోయే దసరా నాటికి చిక్కుడు అందుకునేలా జులై, ఆగస్టుల్లో రెండో గుంతలో గింజ పెట్టి ఉంచుకోండి. పగటి పొద్దు తగ్గాకే అది పూతకొస్తుంది, సంక్రాంతి దాటేదాకా కాస్తుంది. మాఘమాసంలో ఎండిన తీగలన్నీ లాగి కోసేయండి. పందిరి బోసిగా ఉన్న ఆ పది రోజుల్లోనే జారిన తీగలు బిగించి, వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు గీకి, రెడాక్సైడ్ మరో పూత వేసుకోవాలి.